కత్తిరించిన మూడో రంగం

అనుమతుల ఆఫీసు మూసేశారని అందరూ చెబుతున్నా చరిత్ర మేడం నమ్మలేదు. స్వయంగా వెళ్లి చూసింది. పోస్టాఫీసు పైనున్న ఆ గదికి తాళం వేసి ఉంది. బోర్డు పీకేసిన చోట గోడ రంగు కొత్తగా, నలుచదరంగా కనిపిస్తోంది. ఇకమీదట నాటకం వేయాలన్నా, పాట కట్టాలన్నా, గోడమీద బొమ్మ గీయాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదని మెట్ల దగ్గర నోటీసు అంటించారు. ఆమె దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదైనా ఉందేమోనని వంగి చూసింది. ఏమీ లేదు. అదే ఆమెకి నచ్చలేదు.

ఆమె పగలు కాలేజీలో చరిత్ర చెబుతుంది, సాయంత్రాలు నాటకాలు వేయిస్తుంది. కాలేజీలో మేడం, నాటకం వాళ్లకి అక్క. వయసులో ఉన్నప్పుడు ఒక నాటకం రాసింది. అందులో ఒక ఊరిని ఖాళీ చేయించి జలాశయం కింద ముంచేస్తారు. కొన్నాళ్లకి పాఠ్యపుస్తకంలో అక్కడ అసలు ఊరే లేదని రాస్తారు. ఆ ఊళ్లో పుట్టిన పంతులమ్మ ఒకరు పిల్లలకి ఆ పాఠం చెప్పాల్సి వస్తుంది. నాటకం పేరు ‘నీటి అడుగున బడి’.

అప్పట్లో రాసిన ప్రతి నాటకాన్నీ ఆ మేడమీది ఆఫీసులో ఇచ్చి రావాలి. అక్కడుండే అధికారి అందరిలా గీతలు కొట్టేవాడు కాదు. నచ్చని చోట కాగితాన్ని కత్తెరతో శుభ్రంగా కత్తిరించి, మిగిలింది తిరిగి ఇచ్చేవాడు. కాగితాలకి కిటికీలు పెట్టినట్టుండేది. అందరూ ఆయన్ని కత్తెరాయన అనేవారు. ఆమె నాటకంలో మాత్రం ఆయన కిటికీలు పెట్టలేదు, ఏకంగా గోడే కూల్చాడు. మూడో రంగం మొత్తం మాయమైంది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. మూడో రంగం లేకుండానే ఆడారు. జనం కథ ఎక్కడో గెంతిందని అనుకుని, మర్యాదకి చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు అడ్డుచెప్పేవాళ్లు లేరు. కాబట్టి ఆ నాటకం పూర్తిగా వేద్దామని ఆమె నిర్ణయించుకుంది. సెలవుల్లో కూర్చుని, గుర్తున్నంతవరకు మూడో రంగం మళ్లీ రాసింది.

ఆమె తమ్ముడు ఎలక్ట్రీషియన్. నాటకాలకి లైట్లు అతనే పెడతాడు.

"నాకేదో తేడాగా ఉందక్కా," అన్నాడు. "ఇన్నేళ్లు బిగించి పట్టుకున్నవాళ్లు ఉన్నట్టుండి వదిలేస్తారా? ఎవరు ముందు గంతులేస్తారో చూద్దామని వదిలుంటారు."

"అయితే వేయొద్దంటావా?"

"వేద్దాం. నేను లైట్ల వెనకుంటా. నా మొహం ఎలాగూ ఎవరికీ కనపడదు."

టైర్ల షాపు పైనున్న గదిలో రిహార్సల్స్ మొదలయ్యాయి. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన ముక్కుకి కొడుతుంది. పంతులమ్మ పాఠం వినడానికి వచ్చే ఇన్‌స్పెక్టరు వేషం మందుల షాపు బాబాయిది. పంతులమ్మ వేషానికి ఆమె తన క్లాసులోని అమ్మాయినే తీసుకుంది. ఏ పాఠం మధ్యలోనైనా చెయ్యెత్తి "మేడం, సందేహం" అంటుంది కాబట్టి ఆ అమ్మాయికి కాలేజీ అంతా సందేహం అనే పేరే ఖాయం చేసింది. క్లాసులో మిగతావాళ్లకి ఆ బాధ లేదు. ఒకసారి మేడం "ఈ ప్రశ్నకి మీ సొంత అభిప్రాయం రాయండి" అంటే, వాళ్లలో వాళ్లు కాసేపు గుసగుసలాడుకుని, "మీ అభిప్రాయమేంటో చెప్పండి మేడం, అదే మా సొంతంగా రాస్తాం" అన్నారు.

మూడో రంగం మొదటిసారి పూర్తిగా ఆడి చూసుకుంటున్న రోజున కత్తెరాయన వచ్చాడు.

ముందు చూసింది బాబాయి. గద్దించాల్సిన మాట గొంతులోనే మింగేశాడు. అందరూ వెనక్కి తిరిగారు. తలుపు పక్కనున్న స్టూలు మీద, మోకాళ్ల మధ్య గొడుగు నిలబెట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ముఖం మాత్రం అదే, వినతిపత్రం అందుకుంటున్నట్టుండే ముఖం. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. ఆయన్ని ప్రశ్న అడిగే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు. అయిపోయాక ఆయన లేచి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

"ఉద్యోగం పోయింది కదా, ఇంకా ఆయనకిక్కడ ఏం పని?" అంది సందేహం.

"పోయిందని ఎవరు చెప్పారు?" అన్నాడు తమ్ముడు. "ఆఫీసు మూశారు. ఆయన్ని మూయలేదుగా."

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. గదిలో ఒక్కొక్కరి గొంతూ తగ్గుతూ వచ్చింది. అరవాల్సిన మాటలు చెప్పుకుంటున్నట్టుగా, చెప్పుకోవాల్సిన మాటలు గొణుగుతున్నట్టుగా తయారయ్యాయి.

"పెదాలు కదుపుతున్నాడక్కా," అన్నాడు తమ్ముడు. "మనం ఏమంటున్నామో మనసులో అచ్చేసుకుంటున్నాడు."

మేడం కూడా అది గమనించింది. దాంతో పాటు ఇంకొకటి గమనించింది. కాలేజీ నుంచి వస్తుంటే మందుల షాపు ముందు కత్తెరాయన నిలబడి ఉన్నాడు. బాబాయి ఆయనతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ సాయంత్రం ఆమె బాబాయిని పక్కకి పిలిచింది.

"ఆయనకీ మీకూ ఏంటి బాబాయ్?"

"బీపీ మాత్రలమ్మా."

"ఇంకేం మాట్లాడుకున్నారు?"

"భోజనానికి ముందా, తర్వాతా అని అడిగాడు. తర్వాత అన్నాను." బాబాయి ఇన్‌స్పెక్టరు టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. "నా షాపుకి ఎవరొస్తున్నారో ఇకనుంచి నీకు చెప్పి మందివ్వాలా?"

ఆమె తప్పు గ్రహించింది. అయినా ఆ రోజంతా బాబాయి వంక ఓరగా చూడకుండా ఉండలేకపోయింది. బాబాయి కూడా ఆ చూపు తప్పించుకుంటూ తిరిగాడు. తప్పించుకుంటున్నాడు కాబట్టి ఏదో ఉందని ఆమెకి మళ్లీ అనిపించింది.

ఆ వారాంతంలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "మూడో రంగం కొంచెం సాగుతోంది. తీసేద్దాం. కథకి పెద్ద నష్టం లేదు. ఇదివరకు అలాగే ఆడాం కదా."

అందరూ వెంటనే సరే అన్నారు. మరీ వెంటనే అన్నారు. ఒక్క చెయ్యి మాత్రం పైకి లేచింది.

"అక్కా, సందేహం."

"చెప్పు."

"ఎవరు తీసెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఎవరైనా అంటారని తెలిసిందా?"

"లేదు."

"మరి?"

"నేను చూసినవి నువ్వు చూడలేదు. కొన్ని నీకిప్పుడే అర్థం కావు."

"చూడలేదు. అందుకే అడుగుతున్నా." సందేహం తన సంచీ భుజానికి తగిలించుకుంది. "ఆయన తీసేసినప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మీకు కనీసం తెలుసు. నేనిప్పుడు ఎవరి మీద తెచ్చుకోను?"

ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె అడిగింది న్యాయమేనని మేడానికి తెలుసు. కానీ ఇంటికి నడుస్తూ ఆలోచించింది మాత్రం వేరు. ఇంత ధైర్యం ఈ పిల్లకి ఎక్కడిది? వెనక నుంచి ఎవరైనా ఎగదోస్తున్నారా? వాళ్ల నాన్న పనిచేసేదెక్కడ? అలా ఆలోచించినందుకు ఆమెకి తన మీదే రోత పుట్టింది. రోత పుట్టినా ఆలోచన ఆగలేదు.

తర్వాతి రిహార్సల్‌లో పంతులమ్మ మాటలు మేడమే చదివింది. రెండో రంగం అయిపోయింది. బాబాయి నేరుగా నాలుగో రంగం అందుకున్నాడు. తలుపు దగ్గర స్టూలు కిర్రుమంది. కత్తెరాయన లేచి నిలబడ్డాడు, కాసేపు అలాగే ఉండి, బయటికి నడిచాడు.

"వెళ్లకక్కా," అని తమ్ముడు వెనకనుంచి అంటూనే ఉన్నాడు. ఆమె మెట్లు దిగింది.

బయట సన్నగా తుంపర పడుతోంది. షాపు ముందు ఒకతను ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. కత్తెరాయన గొడుగు తెరుస్తున్నాడు.

"మూడోది ఏమైంది?" అని అడిగాడు ఆయన.

"ఆ మాట మీరు అడగొచ్చా?"

"అడగకూడదనుకోండి."

"ఎందుకొస్తున్నారు ఇక్కడికి? ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరైనా పంపుంటే ముందు మంచి కుర్చీ వేయించేవాళ్లు. మీ స్టూలు నా నడుం విరగ్గొడుతోంది." ఆమె నవ్వకపోవడం చూసి ఆయన కూడా మానేశాడు. "మూడో రంగం వినడానికొస్తున్నాను. అప్పట్లో చదివాను. ఎవరైనా పైకి చదవగా వినలేదు, నేనే వినపడకుండా చేశాను. మొన్న మీరు చేయించారు. బాగానే ఉంది. కానీ అందులో ఒక మాట లేదు."

"ఏ మాట?"

ఆయన రోడ్డుకి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇన్‌స్పెక్టరు అడుగుతాడు కదా, అక్కడ ఊరుండేదని నీకెలా తెలుసని. నేనక్కడే పుట్టానంటుంది పంతులమ్మ. మీరిప్పుడు అక్కడితో ఆపేశారు. అప్పుడు ఆపలేదు. ఆవిడ పిల్లల వైపు తిరిగి ఇంకో మాట అంటుంది. ‘అక్కడ ఎవరూ ఉండేవారు కాదని పరీక్షలో నేనే రాశాను. పూర్తి మార్కులు వేశారు.’"

మేడానికి చెవులు వేడెక్కాయి. ఆ మాట తనదే. వినగానే, అది రాసిన గది, ఆ కిటికీ, అన్నీ కళ్లముందుకొచ్చాయి. సెలవుల్లో తిరగరాసినప్పుడు ఆ పంతులమ్మ మొదటినుంచీ ఎవరికీ భయపడని మనిషిగా తయారైంది. ఆ పరీక్ష సంగతి ఆమె కలానికి తట్టనే లేదు.

మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. ఎంత తెలివైన ఉచ్చు ఇది. ఏ మాటకి దొరికిపోతామో ఆ మాటే తెచ్చి చేతిలో పెడుతున్నాడు.

"అది పెట్టమంటున్నారా?"

"పెట్టమనడం లేదు. ఉండేదంటున్నాను."

"పెడితే ఏమవుతుంది?"

"నాకు తెలీదు మేడం. ఇదివరకైతే తెలిసేది."

"అప్పుడెందుకు తీశారు? పైనుంచి చెప్పారా?"

"పైనుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ పెద్దగా చెప్పేవారు కాదు. మేమే ఊహించుకునేవాళ్లం. ఆ ఒక్క మాట తీస్తే సరిపోయేది. కానీ మిగతాది చదివినవాడికి అక్కడేదో లేదని తెలిసిపోతుంది. అంత బాగా అతికించారు మీరు. అందుకని మొత్తం తీసేశాను." గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆ పరీక్ష నేనూ రాశాను. నాకూ మంచి మార్కులే వచ్చాయి."

"ఇప్పుడు నన్ను క్షమించమంటారా?"

"లేదు. మీరు క్షమిస్తారనుకోను."

ఆయన తుంపరలో నడిచి వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది నిజమో కాదో ఆమె తేల్చుకోలేకపోయింది. ఆ ముఖం మీద నిజమూ అబద్ధమూ ఒకేలా ఉండేట్టు ఆయన ఇన్నేళ్లూ సాధన చేశాడు మరి.

"ఎర వేశాడక్కా," అన్నాడు తమ్ముడు, ఇంట్లో ప్లగ్గు బిగిస్తూ.

"కావచ్చు."

"అయితే పెట్టకు."

"పెట్టకపోతే ఎవరి మాట విన్నట్టురా?"

తమ్ముడు స్క్రూడ్రైవరు పట్టుకుని ఆలోచించాడు. "పెట్టినా ఆయన మాటే విన్నట్టవుతుంది," అన్నాడు చివరికి. ఆమెకి ఒళ్లు మండింది, కానీ కాదనలేకపోయింది.

మర్నాడు క్లాసు అయ్యాక సందేహాన్ని వరండాలో ఆపింది. మూడో రంగం మళ్లీ పెడుతున్నానని చెప్పింది.

"ఎవరు పెట్టమన్నారు?" అంది ఆ అమ్మాయి.

ఈసారి మేడం దాచలేదు. కత్తెరాయన సంగతి, ఆ మాట సంగతి, తన భయం, అంతా చెప్పింది. ఈ అమ్మాయిని ఎవరో ఎగదోస్తున్నారేమోనని తను అనుమానించిన సంగతి కూడా చెప్పింది. అది విన్నప్పుడు సందేహం మొహం ముడుచుకుంది.

"ఆ మాట అనాలా వద్దా అన్నది నీ ఇష్టం," అంది మేడం.

"నా ఇష్టమంటే? తర్వాత ఏదైనా జరిగితే ‘ఆ పిల్లే అంది, మాకేం తెలుసు’ అంటారా?"

స్వేచ్ఛ ఇస్తున్నానని మేడం అనుకుంది. అవతలివాళ్లకి అది బరువు దింపుకోవడంలా కనిపిస్తుందని అనుకోలేదు.

"అనను. నువ్వు ఏమన్నా, అది నా నాటకంలో మాటే. తెర లేవకముందే నేను స్టేజీ మీదకొచ్చి, ఇది రాసింది, వేయిస్తున్నది నేనేనని చెప్తా."

"అయితే ఆలోచిస్తా."

ఆ అమ్మాయి రిహార్సల్స్‌కి తిరిగి వచ్చింది. బాబాయి కూడా ఏమీ జరగనట్టే టోపీ పెట్టుకున్నాడు, కాకపోతే మేడంతో అవసరానికి మించి మాట్లాడడం మానేశాడు. రిహార్సల్స్‌లో ఆ చోటు వచ్చినప్పుడల్లా సందేహం ఆగి, "ఇక్కడ ఒక మాట ఉంటుంది" అని ముందుకు వెళ్లిపోయేది. ఆ మాట అంటుందో లేదో అడగాలని మేడానికి నాలుక దురదపెట్టేది. తలుపు దగ్గర కత్తెరాయన కూడా మెడ సాచి వినేవాడు. ఇద్దరూ ఒకే మాట కోసం ఒకేలా కాచుకుని కూర్చున్నారన్న సంగతి ఒకరోజు ఆమెకి తట్టి, కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ప్రదర్శన రోజున హాలు నిండింది. అన్న మాట ప్రకారం మేడం ముందుగా స్టేజీ మీదకొచ్చి, మంచి జరిగినా చెడు జరిగినా ఈ నాటకానికి బాధ్యత తనదేనని చెప్పింది. తర్వాత లైట్ల దగ్గర నిలబడబోతే తమ్ముడు "నీ గాభరా నాకు అంటిస్తున్నావు, వెళ్లి కూర్చో" అని తరిమేశాడు. జనంలో కూర్చుంది కానీ స్టేజీ వైపు చూడలేకపోయింది. ప్రిన్సిపాలు భార్యతో వచ్చాడు, ఎప్పుడూ రానివాడు. పక్క వరుసలో ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఫోటో తీసుకుంటున్నాడా, ఇంకేమైనా చేస్తున్నాడా? కత్తెరాయన తలుపు పక్కనే చోటు దొరికించుకున్నాడు.

మూడో రంగం వచ్చింది. బాబాయి గొంతు ఈసారి గోడలకి తగిలింది. "అక్కడ ఊరుండేదని నీకెలా తెలుసు?"

"నేనక్కడే పుట్టాను."

మేడం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. సందేహం నెమ్మదిగా పిల్లల వైపు, అంటే హాలు వైపు తిరిగింది.

"అక్కడ ఎవరూ ఉండేవారు కాదని పరీక్షలో నేనే రాశాను. పూర్తి మార్కులు వేశారు."

వెనకెవరో దగ్గబోయి ఆపుకున్నారు. సందేహం చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టి మళ్లీ అంది.

"మీరేం రాస్తారో రాయండి. ముందుగా నాకు చూపించక్కర్లేదు."

ఆ రెండో మాట ఎవరూ రాసింది కాదు. ఎక్కడో ఒకరు నవ్వారు, ఎవరో ‘ష్’ అన్నారు. ప్రిన్సిపాలు భార్య భర్త చెవిలో ఏదో చెప్పింది. మేడం మనసులో మొట్టమొదట పుట్టింది ఆనందం కాదు. ‘ఆ మాట కలపమని ఎవరు చెప్పారు?’ అన్న కోపం. అది తన గొంతేనని గుర్తుపట్టడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. మిగతా నాటకం ఆమె సరిగ్గా చూడలేదు. చప్పట్లు మాత్రం విన్నది. మర్యాదకి కొట్టేవాటిలా లేవు.

బయటికి వస్తుంటే కత్తెరాయన ఎదురుపడ్డాడు.

"చివరి మాట మీది కాదు," అన్నాడు.

"కాదు."

"తెలిసిపోతోంది. కొంచెం ఎక్కువైంది."

"మీరైతే తీసేసేవారా?"

ఆయన దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకోలేదు, నిజంగానే ఆలోచించాడు. "చెయ్యి అటే వెళ్తుంది," అని ఒప్పుకున్నాడు. ఆమె నమస్కారం పెట్టలేదు. మళ్లీ రావద్దని కూడా అనలేదు.

తర్వాత ఏమీ జరగలేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. ఏదైనా జరిగితే తట్టుకోవడానికి సిద్ధపడిన మనిషికి ఏమీ జరగకపోవడం కష్టమైంది. గేటు చప్పుడైతే కిటికీ దగ్గరికి వెళ్లేది. రెండో ప్రదర్శనకి హాలు అడిగితే, స్టేజీ చెక్కలకి చెదలు పట్టాయి, కుదరదన్నారు. "నిన్నటిదాకా లేని చెదలు ఇవాళ పుట్టాయా?" అని తమ్ముడు స్వయంగా వెళ్లి టార్చి వేసి చూసొచ్చాడు. ఒక చెక్క నిజంగానే తినేసి ఉంది. ఆ ఒక్క చెక్క కోసమే కాదన్నారా అన్నది మాత్రం వాళ్లకి ఎప్పటికీ తేలలేదు. కింద టైర్ల షాపులోనే రెండోసారి ఆడారు. జనం టైర్ల మీద కూర్చుని చూశారు.

ఒకరోజు ప్రిన్సిపాలు కబురు చేశాడు. ఉద్యోగం పోతే ఏం చేయాలో అంతా ఆలోచించుకునే ఆమె ఆ గదిలోకి వెళ్లింది.

"వార్షికోత్సవానికి మీవాళ్ల చేత ఒక చిన్న నాటకం వేయించండి మేడం," అన్నాడు ఆయన. "మీ ఇష్టం వచ్చింది వేయండి."

థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. ‘మీ ఇష్టం వచ్చింది’ అన్నప్పుడు ఆయన నవ్వాడా, లేక మామూలుగానే అన్నాడా అని వరండా చివరిదాకా నెమరేసుకుంటూనే ఉంది. ఆ చివర సందేహం స్తంభానికి ఆనుకుని ఏదో రాస్తోంది.

"వార్షికోత్సవానికి నువ్వు రాయి," అంది మేడం ఉన్నట్టుండి. "నువ్వే వేయించు."

ఆ అమ్మాయి పైకి చూసింది. ఆ చూపులో నమ్మకం కన్నా పరిశీలనే ఎక్కువ ఉంది. "మధ్యలో వచ్చి మార్చరు కదా?"

"మార్చను."

"అయితే మీకూ ఒక వేషం ఉంటుంది. వేస్తారా?"

"ఏం వేషం?"

"రిహార్సల్‌కి రండి, అక్కడ చెప్తా."

మేడం ఇంకో ప్రశ్న అడగబోయి, సరేనని క్లాసుకి వెళ్లిపోయింది. పాఠం చెబుతున్నంతసేపూ, ఆ పిల్ల తనకి ఏ వేషం ఇచ్చి ఉంటుందా అనే ఆలోచిస్తోంది.